గామా కిరణాలు సోకిన వరిలో పదకొండు మొక్కలు బెట్టకు నిలిచాయి: ఇది ఉత్పరివర్తనమేనా?

తొలిమొలక

నమస్కారం. నేను మొక్కల ప్రజననంలో పరిశోధన విద్యార్థిని. సొంతంగా చేస్తున్న మొదటి ప్రయోగం ఇది. మూడు వారాలుగా ఒకే చోట ఆగిపోయాను. విషయం కాస్త పొడుగు, ఓపికతో చదవమని మనవి.

ఒక వరి రకం గింజలు వెయ్యి తీసుకుని, కోబాల్ట్-60 నుంచి వెలువడే గామా కిరణాలు 300 గ్రేల మోతాదులో సోకేలా చేయించాను. పోలిక కోసం కిరణాలు సోకని అదే రకం గింజలు 200 పక్క మడిలో చల్లాను. మొలకలు రెండు మడుల్లోనూ దాదాపు సమానంగా వచ్చాయి. కిరణాలు ఏమీ చేయలేదేమో అనుకున్నాను. పది రోజులు దాటాక అసలు సంగతి తెలిసింది. చాలా మొక్కలు మొదటి ఆకు దగ్గరే ఆగిపోయాయి. వేరు ముందుకు సాగక ఒకటొకటిగా చనిపోయాయి. నాట్ల సమయానికి 430 మిగిలాయి. మిగిలినవి కూడా కురచగా, తక్కువ పిలకలతో ఉన్నాయి. కొన్నింటి ఆకుల్లో ఈనెల వెంట తెల్లటి చారలు కనిపించాయి.

పొట్ట దశ మొదలవుతుండగా మడికి నీరు పెట్టే మోటారు పాడైంది. 19 రోజులు తడి అందలేదు. పోలిక మడిలో ఆకులు గొట్టాల్లా చుట్టుకుని, కొసల నుంచి ఎండుతూ వచ్చాయి. కిరణాలు సోకిన మడిలో మాత్రం 11 మొక్కలు కోత దాకా పచ్చగా నిలబడ్డాయి. గట్టు మీద నిలబడి వాటిని చూసినప్పుడు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. పదకొండింటికీ చీటీలు కట్టి, కంకులు కోసి, ఏ మొక్కవి ఆ సంచిలో పెట్టాను. ఇంకా నూర్చలేదు.

ఇప్పుడు తోటి విద్యార్థుల మధ్య రెండు వాదనలు నడుస్తున్నాయి. దెబ్బ తిన్న మొక్క కష్టాన్ని ఓర్చుకోవడం నేర్చుకుందని, అందుకు తగ్గట్టు తన జన్యువులను మార్చుకుందని ఒకరు అంటున్నారు. బెట్టను తట్టుకునే ఉత్పరివర్తితం, అంటే జన్యువు శాశ్వతంగా మారిన మొక్క, దొరికేసిందని మరొకరు అంటున్నారు. రెండోదే నిజం కావాలని నా మనసు కోరుకుంటోంది.

అయితే గత వారం ఒక కొత్త చిక్కు వచ్చింది. ఏడో మొక్కకు ఐదు కంకులున్నాయి. ఒక్కో కంకి నుంచి పన్నెండు గింజలు రాల్చి, అన్నీ కలిపి మొలకెత్తించాను. అరవైలో నాలుగు పాలలా తెల్లగా వచ్చాయి. గింజలో ఉన్న బలం అయిపోగానే చనిపోయాయి. తల్లి మొక్క నిండు పచ్చగా ఉంది కదా, ఈ తెల్లదనం ఎక్కడి నుంచి వచ్చింది? దానికీ బెట్టను తట్టుకోవడానికీ సంబంధం ఉందా? అసలు ఒత్తిడి ఎదురైనప్పుడు పైరు తన జన్యువులను అవసరం కొద్దీ మార్చుకోగలదా?


పాతవిత్తు

మీరు గట్టు మీద పొందిన సంతోషం నాకు తెలుసు. ముప్పై ఏళ్లకు పైగా వరి, బార్లీ ఉత్పరివర్తిత తరాల మధ్య తిరిగాను. అందుకే మీకు నచ్చని మాట ముందే చెబుతున్నాను. ఆ పదకొండు మొక్కల పచ్చదనాన్ని ఇప్పుడే నమ్మకండి.

కిరణాలు సోకిన మొదటి తరంలో, అంటే మనం ఎం1 అని పిలిచే తరంలో, మొక్క పచ్చగా మిగలడానికి బెట్టతో సంబంధం లేని కారణాలు ఎన్నో ఉంటాయి. అన్నిటికన్నా పెద్ద కారణం తాలు. గామా కిరణాల వల్ల క్రోమోజోములు విరిగి, ఒకదాని ముక్క మరొకదానికి అతుక్కుంటుంది. అలాంటి కణాలు పుప్పొడిని, అండాన్ని తయారుచేసేటప్పుడు జతలు సరిగా కుదరవు. సగం పుప్పొడి పనికిరాకుండా పోతుంది, కంకి నిండా తాలు గింజలే మిగులుతాయి. మామూలు మొక్క గింజ నింపడం కోసం ఆకుల్లోని నత్రజనిని, చక్కెరలను కంకికి తరలిస్తుంది. ఆకు పండి ఎండేది అందుకే. తాలు కంకి ఉన్న మొక్కకు తరలించే పనే లేదు కాబట్టి ఆకు పచ్చగానే ఉండిపోతుంది. నీరు సమృద్ధిగా ఉన్న మడిలో కూడా తాలు మొక్కలు చివరిదాకా పచ్చగా కనిపిస్తాయి. నా రెండో ఏడాది నేను సరిగ్గా ఈ పొరపాటే చేశాను. పచ్చగా ఉన్న పద్నాలుగు మొక్కలను ఏరి, రెండు పంటకాలాలు వాటి వెంట తిరిగి, చేతికి ఏమీ దక్కక కూర్చున్నాను.

రెండో కారణం పూత సమయం. కిరణాలు సోకిన మొక్క ఎదుగుదలలో వెనకబడి ఆలస్యంగా పూస్తుంది. వరికి నీటి ఎద్దడి అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది పూత దశలో. మీ పోలిక మొక్కలు ఆ 19 రోజుల్లో పూతకు వచ్చి, ఈ పదకొండు మొక్కలు ఇంకా పొట్ట విప్పకపోయి ఉంటే, అవి బెట్టను తట్టుకోలేదు, దాని దారి నుంచి తప్పుకున్నాయంతే. కురచ మొక్క, తక్కువ పిలకలు, తక్కువ ఆకులు ఉంటే నీటి వాడకం కూడా తక్కువే అవుతుందన్నది మూడో సంగతి.

ఇక ఆ గింజలకు అసలు ఏం జరిగిందో చూద్దాం. ఒక గ్రే అంటే కిలో పదార్థం ఒక జౌలు శక్తిని పీల్చుకోవడం. 300 గ్రేల శక్తి మొత్తం వేడిగా మారినా, కిలో నీటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీలో పదో వంతు కూడా పెరగదు. అంత చిన్న శక్తి వెయ్యి గింజల్లో సగానికి పైగా ఎందుకు చంపింది? ఆ శక్తి అంతటా సమానంగా పరుచుకోదు, అక్కడక్కడ గుత్తులుగా పడుతుంది. కొంత నేరుగా డీఎన్ఏను తాకుతుంది. కొంత కణంలోని నీటి అణువులను చీల్చి హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. అవి పుట్టిన చోటుకు అతి దగ్గరలో ఏది దొరికితే దాన్ని కొరుకుతాయి. డీఎన్ఏ రెండు పోగులూ దగ్గర దగ్గరగా తెగిపోవడం అన్నిటికన్నా ప్రమాదకరమైన గాయం. అదే మోతాదు శరీరమంతా సోకితే మనిషి బతకడు. నాలుగైదు గ్రేలకే ప్రాణాపాయం. ఎండు గింజ తట్టుకుంటుందంటే అందులో కణాలు విశ్రాంతిలో ఉండటం, నీరు తక్కువగా ఉండటం ముఖ్య కారణాలు. అయితే గింజ మరీ ఎండినా మంచిది కాదు. పుట్టిన రాడికల్స్ కదలక అలాగే నిలిచిపోయి, తర్వాత ఆక్సిజన్ తగలగానే మళ్లీ గాయం చేస్తాయి. కిరణాలకు పంపేముందు గింజ తేమను 12 నుంచి 14 శాతం దగ్గర నిలబెట్టమనేది ఇందుకే. మీ గింజల తేమ ఎంతో రాయలేదు. కొలవకపోతే ఈసారి తప్పకుండా కొలవండి.

మొలకలు సమానంగా వచ్చి, తర్వాత చనిపోవడం కూడా ఇక్కడే అర్థమవుతుంది. గింజ నీరు పీల్చగానే మొలక ముందుకు వచ్చేది చాలావరకు అప్పటికే ఉన్న కణాలు ఉబ్బడం వల్ల. దానికి కణ విభజన పెద్దగా అక్కర్లేదు. విభజన అవసరమైన రోజు వస్తే అప్పుడు విరిగిన క్రోమోజోముల సంగతి బయటపడుతుంది. అందుకే మొలక శాతం చూసి మోతాదును అంచనా వేయకూడదు. రెండు మూడు వారాల వయసులో మొక్క ఎత్తు, బతికినవాటి లెక్క చూడాలి.

బతికిన కణాలు గాయాన్ని ఎలా మాన్పుకున్నాయన్నదే ఉత్పరివర్తనానికి మూలం. తెగిన రెండు కొసలను, పక్కన సరైన నకలు ఉందా లేదా చూడకుండా, ఉన్నపళంగా అతికించే పద్ధతి మొక్క కణాల్లో ఎక్కువ. అతికేటప్పుడు కొన్ని డీఎన్ఏ అక్షరాలు ఊడిపోతాయి, కొన్నిసార్లు తారుమారవుతాయి. ఎక్కడ తెగిందో అక్కడే మార్పు. మొక్కకు నీరు కావాలా, ఎత్తు తగ్గాలా అన్నది కిరణానికి తెలియదు, అతికించే ఎంజైమ్‌కూ తెలియదు. 1927లో జన్యుశాస్త్రవేత్త ముల్లర్ ఈగల్లో, 1928లో స్టాడ్లర్ బార్లీలో ఎక్స్ కిరణాలతో ఉత్పరివర్తనాలు పుట్టించి చూపారు. వీరిలో స్టాడ్లర్ అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. తాను తెరిచిన దారిని తానే అనుమానంగా చూశారు. ఎక్స్ కిరణాలు తెచ్చే మార్పుల్లో చాలావరకు జన్యువు పోవడమో, ముక్క ఊడడమో తప్ప కొత్త గుణం పుట్టడం కాదని పట్టుబట్టి వాదించారు.

ఆయన మాట వరి ఎత్తు విషయంలో అక్షరాలా కనిపిస్తుంది. ఐఆర్8 అనే వరి రకం పొట్టిగా ఉండటానికి కారణం ఎస్‌డీ1 అనే జన్యువులో 383 అక్షరాలు లేకపోవడం. అది ప్రకృతిలో దానంతటదే జరిగి, తైవాన్‌లోని ఒక పాత రకంలో నిలిచి ఉంది. కాలిఫోర్నియాలో గామా కిరణాలతో సాధించిన కాల్‌రోజ్ 76లోనూ చెడింది అదే జన్యువు. అక్కడ మారింది ఒక్క అక్షరం. జపాన్‌లో గామా కిరణాల నుంచే వచ్చిన రేమేలోనూ అదే జన్యువు. మొక్కను ఎత్తుగా పెంచే గిబ్బరెల్లిన్ అనే హార్మోను తయారీలో ఒక మెట్టు బలహీనపడితే మొక్క ఎత్తు తగ్గింది, పడిపోకుండా నిలిచింది, ఎరువును గింజగా మార్చింది. ప్రపంచంలో ఇప్పటిదాకా 3,400కు పైగా ఉత్పరివర్తిత వంగడాలు నమోదయ్యాయి. మనుషులు లక్షల మొక్కల్ని ఓపికగా చూసి ఏరితే దొరికినవి అవి. కిరణం వాటిని ఎంచి ఇవ్వలేదు.

ఇప్పుడు మీ తెల్ల మొలకలు. మీ ప్రయోగంలో నాకు అన్నిటికన్నా నచ్చింది అవే. కిరణాలు సోకిన నాడు గింజలోని పిండంలో, తర్వాత పిలకలుగా, కంకులుగా మారబోయే కణాలు ఒకటి కాదు, చాలా ఉంటాయి. ఒక్కో కణానికి ఒక్కో చోట దెబ్బ తగిలింది. అంటే మీ ఏడో మొక్క చూడడానికి ఒక్కటే అయినా, జన్యుపరంగా అతుకుల బొంత. దాని ఒక భాగంలో పచ్చదనానికి కావలసిన ఒక జన్యువు చెడింది. జతలోని రెండో ప్రతి బాగుంది కాబట్టి తల్లి పచ్చగానే ఉంది. ఆ భాగం నుంచి వచ్చిన కంకి తనతో తాను ఫలదీకరణం చెందినప్పుడు రెండు చెడు ప్రతులూ కలిసిన గింజలు తెల్లగా మొలిచాయి. మొక్క అంతటా ఆ మార్పు ఉంటే నాలుగింట ఒకటి చొప్పున అరవైలో పదిహేను తెల్లవి రావాలి. నాలుగే వచ్చాయంటే ఐదు కంకుల్లో ఏ ఒకదానిలోనో ఆ మార్పు దాగి ఉందని నా అనుమానం. బెట్టకూ దీనికీ సంబంధం లేదు. కానీ మీ మోతాదు పనిచేసిందనడానికి ఇంతకన్నా మంచి గుర్తు లేదు.

బెట్టను తట్టుకునే గుణం నిజంగా వచ్చి ఉన్నా, చాలా ఉత్పరివర్తనాలు జతలో రెండో ప్రతి బాగుంటే అణగి ఉండే స్వభావం గలవి కాబట్టి ఎం1లో అది పైకి కనిపించే అవకాశం తక్కువ. అందుకే ఆ పదకొండింటి మీదే కూర్చోకుండా, నూర్చకముందే ప్రతి మొక్కలో తాలు శాతం లెక్కపెట్టండి. పూత తేదీలు రాసుకుని ఉంటే పక్కన పెట్టి చూడండి. కంకులను కలపకండి. ఏ కంకి విత్తనం ఆ వరుసలో వేయండి. పచ్చగా నిలవని మిగతా మొక్కల విత్తనం కూడా పారేయవద్దు, మీరు వెతికేది వాటిలో దాగి ఉండవచ్చు.


కణరేఖ

పాతవిత్తు గారు చెప్పిన దానిలో మడి సంగతులపై నాకు అభ్యంతరం లేదు. నేను ప్రయోగశాలలో మొక్క కణాల ఒత్తిడి స్పందనల మీద పనిచేస్తాను. మీ తోటి విద్యార్థి అన్న "నేర్చుకుంది" అనే మాటను పూర్తిగా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. అందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. విడదీస్తే చాలు.

మొదటిది, జన్యువుల అక్షరాలు మారకుండానే వాటి వాడకం మారడం. మడి ఎండగానే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే ఒత్తిడి హార్మోను పెరుగుతుంది. దాన్ని పట్టుకునే గ్రాహకాలను 2009లో గుర్తించారు. ఆమ్లం వాటికి అంటుకోగానే, అప్పటిదాకా కొన్ని కైనేజ్ ఎంజైమ్‌లను అణచి ఉంచిన ప్రోటీన్లు పక్కకు తప్పుకుంటాయి. ఆకు రంధ్రాలు మూసుకుంటాయి. వందలాది జన్యువులు తెరుచుకుంటాయి. ప్రోలీన్, చక్కెరలు చేరి కణంలో నీటిని పట్టి ఉంచుతాయి. గింజ ఎండేటప్పుడు పిండాన్ని కాపాడే ప్రోటీన్లలాంటివే ఆకుల్లోనూ తయారవుతాయి. ఇదంతా గంటల్లో జరుగుతుంది, నీరు పెట్టాక సద్దుమణుగుతుంది. మీ 19 రోజుల్లో రెండు మడుల్లోని ప్రతి మొక్కా ఈ పని చేసే ఉంటుంది. ఈ సామర్థ్యం ఆ రోజు పుట్టింది కాదు, తరతరాల ఎంపికలో మిగిలినది. ముంపును తట్టుకునే సబ్1ఏ జన్యువు సంగతీ అంతే. ఎఫ్‌ఆర్13ఏ అనే సంప్రదాయ రకంలో అది ముందునుంచీ ఉంది. 2006లో దాన్ని గుర్తించి, సంకరంతో స్వర్ణ లాంటి రకాల్లోకి తెచ్చారు. రెండు వారాల పాటు నీట మునిగినా మొక్క ఎదుగుదల ఆపుకుని, శక్తిని పొదుపు చేసుకుని బతుకుతుంది.

వికిరణానికి స్పందన కూడా ఇలాంటిదే. డీఎన్ఏ రెండు పోగులూ తెగితే ఏటీఎం అనే ప్రోటీను దాన్ని పసిగట్టి సాగ్1 అనే నియంత్రకాన్ని మేల్కొలుపుతుంది. జంతువుల్లో పీ53 అనే ప్రోటీను చేసే పని మొక్కల్లో ఇది చేస్తుంది. విభజన ఆగుతుంది, మరమ్మతు జన్యువులు తెరుచుకుంటాయి. వేరు కొనలోని మూలకణాలు మాత్రం చాలా సున్నితం. దెబ్బతిన్న జన్యుపదార్థాన్ని ముందు తరాల కణాలకు అందించకుండా తమంతట తామే చనిపోతాయి. మీ మడిలో వేరు ముందుకు సాగలేదన్నారు కదా, దాని వెనుక ఈ ఆగిన విభజన, ఈ మరణాలు ఉండి ఉంటాయి.

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలది మరో దారి. వాటిలో యూవీ-బీ అనే రకాన్ని పసిగట్టే యూవీఆర్8 అనే గ్రాహకం ఉంది. అది మేల్కొంటే ఆకు పైపొరలో ఫ్లేవనాయిడ్లు చేరి తెరలా అడ్డుపడతాయి. అప్పటికే పడిన గాయాన్ని ఫోటోలయేజ్ అనే ఎంజైమ్ వెలుతురు సాయంతో సరిచేస్తుంది. జపాన్ వరి రకాల్లో ససానిషికి యూవీ-బీని బాగా తట్టుకుంటుంది, నోరిన్ 1 తట్టుకోలేదు. వెతుక్కుంటూ వెళితే తేడా ఆ ఎంజైమ్‌లోని 126వ అమైనో ఆమ్లం దగ్గర తేలింది. ఒక్క అమైనో ఆమ్లం! ఈ పరిశోధన చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

కొంతకాలం నిలిచే జ్ఞాపకం కూడా మొక్కకు ఉంది. అరాబిడాప్సిస్ అనే చిన్న ఆవజాతి మొక్కను ఒకసారి వాడబెట్టి, తేరుకోనిచ్చి, మళ్లీ వాడబెడితే కొన్ని జన్యువులు రెండోసారి మరింత బలంగా పలుకుతాయి. డీఎన్ఏ చుట్టుకున్న హిస్టోన్ ప్రోటీన్ల మీద మిగిలిన రసాయన గుర్తులు దీనికి తోడ్పడతాయి. ఆ గుర్తులు రోజుల్లో చెరిగిపోతాయి. దీన్ని నేర్చుకోవడం అంటే నేను ఒప్పుకుంటాను. విత్తనంలోకి చేరి తరాల పాటు నిలిచే వంగడ లక్షణం అంటే మాత్రం ఒప్పుకోను.

రెండో విషయం దగ్గర పాతవిత్తు గారి మాటకు కొంత చేర్చాలి. ఒత్తిడి ఉత్పరివర్తనాల దిశను నిర్ణయించదు, నిజమే. కానీ వాటి సంఖ్యను పెంచగలదు. ఉప్పు నేలలో తరాల తరబడి పెంచిన అరాబిడాప్సిస్‌లో కొత్త ఉత్పరివర్తనాలు మామూలు నేలలోని వాటికి సుమారు రెట్టింపు అయ్యాయని 2014లో తేలింది. అణు ప్రమాదం జరిగిన చెర్నోబిల్ దగ్గరి కలుషిత నేలలో ఒక్క తరం పండించిన గోధుమలో, డీఎన్ఏలో పదేపదే వచ్చే చిన్న వరుసల దగ్గర మార్పుల వేగం ఆరు రెట్లకు పైగా పెరిగిందని 2000లో ప్రచురించారు. అక్కడ మోతాదు మీ 300 గ్రేలతో పోల్చలేనంత తక్కువ. ఒక్కసారిగా తగిలే పెద్ద దెబ్బను, నెలల తరబడి సోకే చిన్న మోతాదును ఒకే కొలతతో చూడలేమని ఈ ఫలితం చెబుతోంది.

క్రోమోజోముల్లో ఒక చోటి నుంచి మరో చోటికి కదిలే దూకే జన్యువుల గురించి చెప్పకపోతే ఈ విషయం సగమే చెప్పినట్టు. 1931 వేసవిలో జన్యుశాస్త్రవేత్త బార్బరా మెక్‌క్లింటాక్ స్టాడ్లర్ దగ్గర ఎక్స్ కిరణాలు సోకిన మొక్కజొన్నను పరిశీలించారు. విరిగిన క్రోమోజోముల కొసల వెంట సాగిన ఆ చూపే తర్వాత ఆమెను దూకే జన్యువుల దాకా తీసుకెళ్లింది. 1983లో నోబెల్ అందుకున్నప్పుడు ఆమె ప్రసంగం మొత్తం, ఊహించని ఘాతానికి జన్యుసంపద ఎలా స్పందిస్తుందన్న దాని మీదే. వరిలో ఎంపింగ్ అనే చిన్న దూకే జన్యువు ఉంది. గామా కిరణాలు సోకిన గింబోజు రకం నుంచి వచ్చిన ఒక వరుసలో అది కదలడం 2003లో గుర్తించారు. తర్వాతి పరిశోధనల్లో, అది వెళ్లి వాలిన చోట్ల కొన్ని పొరుగు జన్యువులు చలికి, ఉప్పుకు స్పందించడం మొదలుపెట్టాయి. మొక్క కోరి అక్కడ పెట్టుకోలేదు. అయినా వాలిన తర్వాత అది ఎంపికకు అందివచ్చే ముడిసరుకు అవుతుంది.


పెరటిపైరు

నేను పరిశోధకుడిని కాదు, ఆసక్తితో చదువుతున్నాను. ఒక సందేహం. ఇలా కిరణాలు సోకిన గింజల నుంచి వచ్చిన పంటలో ఆ వికిరణం మిగిలి ఉంటుందా? తినవచ్చా?


పాతవిత్తు

మిగలదు. కోబాల్ట్-60 గామా కిరణాలకు గింజలోని పరమాణువులను రేడియోధార్మికంగా మార్చే శక్తి లేదు. దీపం ఆర్పాక గదిలో వెలుతురు నిలవదు కదా, అలాగే. చెర్నోబిల్ సంగతి వేరు. అక్కడ సీజియం, స్ట్రాన్షియం లాంటి రేడియోధార్మిక పదార్థాలే నేలలో కలిసి వేరు ద్వారా మొక్కలోకి వెళ్లాయి. ఇక వంగడంగా విడుదలయ్యే నాటికి ఆ గింజ కిరణాలు చూసి ఎన్నో తరాలు గడిచి ఉంటాయి.

కణరేఖ గారికి కృతజ్ఞతలు. ఉప్పు నేల ఫలితం నేను చదవలేదు, చదువుతాను. దిశ లేదన్న నా మాట మీద నిలబడతాను. సంఖ్య గురించి మాత్రం మీరు చెప్పిందే సరి.


తొలిమొలక

మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నాలుగు రోజులు కూర్చుని పదకొండు మొక్కల కంకులన్నీ గింజ గింజా లెక్కపెట్టాను. గింజల తేమ కొలవలేదు, అది నా లోపమే.

తొమ్మిది మొక్కల్లో తాలు డెబ్బై శాతం దాటింది. అవి పచ్చగా ఎందుకు ఉన్నాయో ఇక అడగనక్కర్లేదు. గింజ బాగా నిండినవి రెండో మొక్క, తొమ్మిదో మొక్క. పూత తేదీలు నా పుస్తకంలో ఉన్నాయి. రెండోది పోలిక మొక్కల కంటే పదమూడు రోజులు ఆలస్యంగా పూసింది. అప్పటికి మడికి మళ్లీ నీరు వచ్చేసింది. తొమ్మిదోది పోలిక మొక్కలతో పాటే, నీరు లేని రోజుల్లోనే పూసింది. ఎత్తులోనూ, పిలకల్లోనూ వాటికి తీసిపోలేదు. ఇప్పుడు నా చేతిలో ఉన్నది అదొక్కటే. ఆశ పెంచుకోవచ్చా?


పాతవిత్తు

కొద్దిగా పెంచుకోండి. మడిలో ఆ మొక్క నిలిచిన చోట నేల కాస్త పల్లమై తేమ మిగిలి ఉండవచ్చు. పక్క మొక్కలు చనిపోయి దాని వేళ్లకు చోటు దక్కి ఉండవచ్చు. నాటిన పటం చూస్తే అది తెలుస్తుంది. ఒక్క మొక్క మీద ఏ తీర్పూ చెప్పలేం. దాని విత్తనాన్ని కంకి వారీగా ఎం2లో, అంటే రెండో తరంలో, వేసి, ప్రతి ఐదు వరుసలకు ఒక పోలిక వరుస పెట్టండి. ఎం2లో మంచిగా కనిపించిన మొక్కను మళ్లీ ఎం3లో, రెండు మూడు చోట్ల, నీరు ఉన్న మడిలోనూ లేని మడిలోనూ పెట్టాకే దాని గురించి మాట్లాడాలి. మిగతా 419 మొక్కల విత్తనం ఉందా?


తొలిమొలక

నాటాక చనిపోయినవి పోగా 371 మొక్కల విత్తనం ఉంది. ఒక్కో మొక్క నుంచి మూడేసి కంకులు విడిగా కట్టి దాచాను. నాటిన పటం చూశాను. తొమ్మిదో మొక్క మడి మధ్యలో ఉంది. చుట్టూ ఎనిమిది మొక్కల్లో ఏడు బతికే ఉన్నాయి, వాటి ఆకులు చుట్టుకుపోయినట్టు రాసుకున్నాను.

ఇంకొకటి. ఏడో మొక్క గింజలను ఈసారి కంకి వారీగా, ఒక్కో కంకి నుంచి 24 చొప్పున మొలకెత్తించాను. ఒకటి, రెండు, నాలుగు, ఐదు కంకుల్లో అన్నీ పచ్చనివే. మూడో కంకిలో 24 మొలకల్లో ఐదు తెల్లవి.